బిందువుకి నిర్వచనం అడక్కండి

"బిందువు అనగానేమి?" ఒక మార్కు ప్రశ్న. చిన్నప్పుడు నేను దానికి "చెప్పలేం" అని రాసి సున్నా తెచ్చుకున్నాను. తెలిసి రాసింది కాదు లెండి, ఏం రాయాలో తోచకే. పక్కవాడు "పొడవు, వెడల్పు, మందం లేనిది" అని రాసి మార్కు కొట్టేశాడు. ఆ మార్కు కోసం ఇన్నేళ్లకి పోట్లాటకు దిగుతున్నాను.

పొడవు లేదు, వెడల్పు లేదు, మందం లేదు. నా కోపానికి కూడా ఆ మూడూ లేవు, మరి అదీ బిందువేనా? లేనివన్నీ ఏకరువు పెడితే ఉన్నదేమిటో తెలిసిపోతుందా? పోనీ పొడవంటే ఏమిటని అడగండి. రెండు బిందువుల మధ్య దూరం అంటారు. అంటే తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం. ఎక్కడో ఒకచోట "దీనికి అర్థం అడక్కండి, ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం" అని ఆగక తప్పదు. జ్యామితి ఆగేది బిందువు, రేఖ, తలం అనే మూడు మాటల దగ్గర. వీటిని అనిర్వచిత పదాలంటారని మనమే పాఠం చెప్పి, పరీక్షలో మాత్రం నిర్వచించమంటాం!

ఈ మాట అంటే వెంటనే గ్రీకు గణితవేత్త యూక్లిడ్‌ని అడ్డం పెడతారు. నిజమే, క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన రాసిన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకం 23 నిర్వచనాలతో మొదలవుతుంది. అందులో మొట్టమొదటిది "భాగాలు లేనిది బిందువు" అనే. కానీ 13 పుస్తకాలు తిరగేసినా ఆ వాక్యం ఆధారంగా నడిచిన నిరూపణ ఒక్కటీ దొరకదు. ఆయనకి పనికొచ్చినవి వేరే: రెండు బిందువుల్ని కలుపుతూ గీత గీయొచ్చు, కేంద్రమూ వ్యాసార్థమూ ఉంటే వృత్తం గీయొచ్చు. చదరంగంలో గుర్రం పోతే దాని స్థానంలో సీసా మూత పెట్టి ఆడతాం. ఆటకేం లోటు రాదు, ఎందుకంటే గుర్రం అంటే దాని నడకే. 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ చేసింది ఇదే. బిందువు, రేఖ, తలం ఏమిటో చెప్పే పని పూర్తిగా మానేసి, ఏది దేని మీద ఉంటుంది, ఏది ఏ రెంటి మధ్య ఉంటుంది, ఏవి సర్వసమానం అన్న సంబంధాలకి మాత్రమే నియమాలు పెట్టాడు.

నాకు అసలు మంట 'స్వయంసిద్ధం' అనే మాట మీద. "రెండు వేర్వేరు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుంది, స్వయంసిద్ధం, కళ్లకి కనబడట్లేదా?" అంటారు. ఒక పిల్లాడు రెండు లావుపాటి చుక్కలు పెట్టి, వాటి గుండా చక్కగా రెండు గీతలు గీసి చూపించాడు. వాడి కళ్లకి కనబడింది అదే మరి! వాణ్ణి కసిరి కూర్చోబెట్టారు. మనకి 'స్వీకృతం' అనే బంగారంలాంటి మాట ఉంది. ఒప్పుకున్నాం, అంతే. అది నిజమని దానంతటదే రుజువు చేసుకుందని ఎక్కడా అనదు.

కళ్లని నమ్మి యూక్లిడే దెబ్బతిన్నాడు. మొదటి ప్రతిపాదనలోనే, సమబాహు త్రిభుజం కోసం రెండు వృత్తాలు గీసి, అవి ఖండించుకునే బిందువుని తీసుకుంటాడు. అవి ఖండించుకుంటాయని చెప్పే స్వీకృతం ఆయన పెట్టిన అయిదింటిలో లేదు. బొమ్మలో కనబడుతోంది కదా అని దాటేశాడు.

ఇక అయిదో స్వీకృతం, అదే సమాంతర రేఖల గొడవ. ఒక రేఖకి, దాని మీద లేని బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ ఉంటుందన్నది దాని సారాంశం. దాన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని రెండు వేల ఏళ్లు తలలు బద్దలుకొట్టుకున్నారు. చివరికి 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, 1832లో హంగరీలో బొల్యాయ్ అనే గణితవేత్తలు దాన్ని పక్కనపెట్టి, ఇచ్చిన బిందువు గుండా ఒకటికి మించి సమాంతర రేఖలు ఉండే జ్యామితి కట్టి చూపించారు. అక్కడ త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలకి తక్కువే. అంతదూరం ఎందుకు, గోళం తీసుకోండి. ఉత్తర ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాల వెంట భూమధ్యరేఖ దాకా దిగితే మూడు కోణాలూ లంబకోణాలే, మొత్తం 270. దగ్గరి దారినే సరళరేఖ అనుకుంటే, రెండు ధ్రువాలనీ కలిపే రేఖలు లెక్కలేనన్ని. ఆ పిల్లాడి రెండు గీతలు గుర్తున్నాయా?

"ఇవన్నీ చెబితే పిల్లలు తికమకపడతారు" అంటారని తెలుసు. కొత్త ఆట నేర్పేటప్పుడు "ఇదీ నియమం" అంటే ఏ పిల్లాడూ రుజువు అడగడు. నియమం మారిస్తే ఆట ఎలా మారుతుందో చూద్దామని మాత్రం ఉబలాటపడతాడు. తికమకంతా, కళ్ల ముందు తప్పుగా కనబడుతున్నదాన్ని పట్టుకుని స్వయంసిద్ధం అని దబాయించినప్పుడే.

ఆ ఒక మార్కు ప్రశ్న కొట్టేసి దాని చోట ఇది పెట్టండి: "రెండు బిందువుల గుండా ఒకటి కంటే ఎక్కువ రేఖలు పోవాలంటే ఎలాంటి ఉపరితలం మీద గీయాలి?" దీనికి మాత్రం నాలుగు మార్కులకి తక్కువ ఒప్పుకోను.