డెల్టాలో పొగకు జరిమానా ఎవరి పేరున రాస్తారు?

గడ్డి తగలబెట్టడం అనగానే అందరికీ పంజాబ్, ఢిల్లీ గుర్తొస్తాయి. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉపగ్రహాలతో రోజూ మంటల లెక్క తీసేది కూడా పంజాబ్, హర్యానా, యూపీ సహా ఆరు రాష్ట్రాలకే. అందులో మన ఆంధ్రప్రదేశ్ లేదు. కానీ సార్వా (తొలి పంట) కోతలయ్యాక గోదావరి డెల్టాలో తణుకు నుంచి అమలాపురం దాకా పొగ లేస్తూనే ఉంటుంది. వరికోత మిషన్ వదిలేసిన గడ్డి వరసలకు నిప్పు పెడితే కాసేపట్లోనే చేను నల్లబడుతుంది. ఆ నుసి ఊళ్లో డాబాల మీద ఆరేసిన బట్టల మీద పడుతుంది.

మనకూ ఉపగ్రహ నిఘా పెట్టాలంటే సంతోషమే. దాని ఆధారంగా జరిమానాలు రాస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు.

మంటల్ని పసిగట్టే విర్స్ పరికరమున్న ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక అదే వేళకు వెళ్తాయి. సాయంత్రం ఐదింటికి అంటుకుని ఆరింటికి ఆరిపోయిన మంట వాటి కంట పడదు. పడినా, మ్యాపులో ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, అంటే దాదాపు 35 ఎకరాలు. ఎకరం, రెండెకరాల కమతాలే ఎక్కువున్న చోట ఎవరి చేను కాలిందో ఆ చుక్క ఎలా చెబుతుంది? సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల వివరం ఉంటుంది కానీ అవి ఐదు రోజులకోసారి వస్తాయి. ఈలోగా రైతు నీళ్లు పెట్టి దమ్ము చేసేస్తే మసి మచ్చ కూడా మిగలదు.

జరిమానా భయం లేకపోతే ఎవరూ మారరని కొందరి వాదన. 2024 నవంబరులో కేంద్రం ఢిల్లీ పరిసరాల్లో జరిమానాను రెట్టింపు చేసింది, ఐదెకరాలు దాటితే 30,000 రూపాయలు. మరి అక్కడేం జరిగింది? ఉపగ్రహం వెళ్లిపోయాక నిప్పు పెట్టడం ఎక్కువైందని, నిలకడగా ఒకేచోట ఉండి చూసే ఉపగ్రహాల చిత్రాలే బయటపెట్టాయి.

సర్వే నంబరు కచ్చితంగా దొరికిందే అనుకుందాం. 1బి భూరికార్డులో ఉండే పేరు భూయజమానిది. ఆయన హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. అగ్గిపుల్ల గీసింది కౌలు రైతు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు కాబట్టి దాళ్వా (రెండో పంట) నాట్లు ఆలస్యమైతే చివరి తడికి నీళ్లుండవు. ఆ టెన్షన్‌లో గడ్డి కట్టలు కట్టే మిషన్ కోసం ఎన్నాళ్లని చూస్తాడు? దొరికినా బాడుగ భారం అతనిదే, ఇవ్వాల్సిన కౌలు బస్తాలు మాత్రం ఒక్కటీ తగ్గవు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుగా గుర్తింపు కార్డు తీసుకుందామంటే యజమాని సంతకం పెట్టాలి. ఎంతమంది పెడుతున్నారు? బ్యాంకు రుణానికి, తుపాను పరిహారానికి రికార్డుల్లో కనిపించని మనిషి, జరిమానాకు మాత్రం ఠక్కున దొరుకుతాడు. నోటీసు యజమాని పేరున వచ్చినా ఆ సొమ్ము వచ్చే పంటలో కౌలుదారు దగ్గరే వసూలవుతుంది.

కిందటేడాది చుక్కలు ఏయే ఊళ్లలో ఎక్కువ పడ్డాయో చూసి, ఈసారి నవంబరులోనే ఆ ఊళ్లకు మిషన్లు పంపండి. సాగు చేసేవాడి పేరున బాడుగ రాయితీ ఇవ్వండి. అందుకు ముందు ఆ చట్టంలోంచి యజమాని సంతకం నిబంధన తీసేయండి.