డిస్క్ లేని కన్సోల్ చవకేం కాదు

జీటీఏ 6 అనే వీడియో గేమ్ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. తర్వాత ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19. ఆ తేదీ నిలబడుతుందో లేదో దేవుడికెరుక గానీ, అనంతపురంలో దాని వేడి మాత్రం ఎప్పుడో మొదలైంది. ఆట టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లకు, అంటే ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు వస్తుందన్నారు గానీ పీసీ ఊసే ఎత్తలేదు. 2013 నాటి జీటీఏ 5ను పాత పీసీల మీద ఇంకా లాక్కొస్తున్న మన కుర్రాళ్లకు ఇక కన్సోల్ కొనక తప్పదనిపిస్తోంది. ఎలాగూ కొంటున్నాం కదా, ఆటలు డౌన్‌లోడ్ చేసుకోవడమే తప్ప డిస్క్ పెట్టుకోలేని, రేటు తక్కువుండే డిజిటల్ ఎడిషన్ తీసుకుంటే పోలా అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. డబ్బు దండిగా ఉన్నవాడు ఏది కొన్నా ఒకటే. చూసి చూసి ఖర్చు పెట్టాల్సినవాడు మాత్రం డిస్క్ పెట్టే చోటు లేని కన్సోల్ జోలికి పోకూడదు.

ధరల చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 49,990 రూపాయలు, డిజిటల్ 39,990. మరుసటి ఏడాది చివర్లో రెండింటి మీదా ఐదేసి వేలు పెంచారు. 2024 ఏప్రిల్‌లో సన్నబడి వచ్చిన స్లిమ్ మోడల్‌కు కూడా అవే ధరలు: 54,990, 44,990. ఎలక్ట్రానిక్ వస్తువు పాతబడేకొద్దీ రేటు దిగుతుందని, కాస్త ఓపిక పడితే మనకూ అందుతుందని ఇన్నాళ్లూ నమ్మాం. మూడేళ్లు ఆగినవాడు ఐదువేలు ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఆటల సంగతీ అంతే. పీఎస్4 కాలంలో, ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ సొంత స్టూడియోల పెద్ద ఆట 3,999 ఉండేది, పీఎస్5కి వచ్చేసరికి 4,999 అయింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఒక ఆట ఖరీదు పదహారు రోజుల కూలి. కూలికి పోయేవాళ్లు ప్లేస్టేషన్ కొంటారా అని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్ల పిల్లలే ఇక్కడ హాస్టళ్లలో ఉండి బీటెక్ చదువుతున్నారు, సాయంత్రం గేమింగ్ పార్లర్‌లో గంటకింతని కట్టి ఆడుతున్నారు, ఉద్యోగం రాగానే మొదట కొనేది ఏదో మనసులో రాసిపెట్టుకుంటున్నారు. నవ్వాల్సిందేమీ లేదు.

అయితే ఆ 4,999 అన్నది కొన్న రోజు జేబులోంచి పోయే మొత్తం మాత్రమే. ఆ ఆటకు చివరికి ఎంత పడిందన్నది వేరే లెక్క. ఒకడు డిస్క్ కొన్నాడు, నెలలో కథ పూర్తి చేశాడు, మూడువేలకు అమ్మేశాడనుకుందాం. వాడికి ఆ ఆట రెండువేలకు పడింది. అదే ఆటను కన్సోల్‌లోని స్టోర్‌లో కొన్నవాడికి ఐదువేలూ ఖర్చే, ఒక్క రూపాయి తిరిగి రాదు. ఆటకు మూడువేలు తేడా. అంటే 2024 ధరల్లో డిజిటల్ ఎడిషన్ కొని మిగిల్చుకున్న పదివేలు నాలుగో ఆటతో అయిపోతాయి. ఐదో ఆట నుంచి వాడు కడుతున్నది డిస్క్ మోడల్ కొన్నవాడి కంటే ఎక్కువే. ఇక అసలు కొత్త డిస్క్ కొనకుండా, ఎవరో ఆడేసిన దాన్ని మూడువేలకు తీసుకుని, ఆడుకుని, ఇరవై రెండు వందలకు వదిలించుకునేవాడి సంగతి ఆలోచించండి. మా ఊళ్లో నాకు తెలిసిన సిసలైన గేమర్లంతా ఈ రకమే. విడుదల రోజు కొనే మోజు వాళ్లకు లేదు, ఓపిక మాత్రం బోలెడుంది. డిజిటల్ ఎడిషన్‌లో ఈ దారే లేదు. స్లిమ్‌కు డిస్క్ డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు కదా అంటారు. తగిలించుకోవచ్చు. ఆ డ్రైవ్ డబ్బును కూడా లెక్కలో కలిపి, అప్పుడు ఎంత మిగిలిందో చెప్పండి.

టవర్ క్లాక్ నుంచి నడిచే దూరంలో ఒక చిన్న సెల్ షాపు ఉంది. ఫోన్ల రిపేరుతో పాటు పాత కన్సోళ్లు, డిస్కులు కూడా తీసుకుంటారు. అక్కడ కాసేపు నిలబడితే ఈ వ్యాపారం ఎంత నిక్కచ్చిగా నడుస్తుందో తెలుస్తుంది. షాపాయన డిస్క్‌ను అంచులు మాత్రమే పట్టుకుని ట్యూబ్‌లైటు కింద వాలుగా తిప్పుతాడు. మధ్య నుంచి అంచు వైపు నిలువుగా పడ్డ గీతను పెద్దగా పట్టించుకోడు. డిస్క్ తిరిగే దిక్కులోనే గుండ్రంగా పడ్డ గీత కనిపిస్తే మాత్రం మొహం చిట్లించి రేటు దించేస్తాడు, లేజర్ తప్పేది అక్కడే కాబట్టి. ఆ తర్వాత కౌంటర్ కింద ఉన్న కన్సోల్‌లో పెట్టి ఆట లోడ్ అయ్యేదాకా డబ్బు తీయడు. ఓ కుర్రాడు డిజిటల్ ఎడిషన్ అమ్మకానికి తెచ్చి, లోపల బోలెడు ఆటలున్నాయన్నా, కొంచెం చూసి ఇయ్యి అన్నాడు. "ఎన్నుంటే నాకేమప్పా? నీ అకౌంటు నువ్వు తీసకపోతావు, ఆటలన్నీ నీ ఎంబడే వస్తాయి. కొనేటోనికి నేను ఏం చూపీల్ల, ఖాళీ డబ్బానా?" అన్నాడాయన. ఈ వ్యాసమంతా కలిపి చెప్పేది ఆయన ఆ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మన దగ్గర కొత్త వస్తువు అడుగుపెట్టేదే ఇలా చేతులు మారి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి కొత్త కన్సోల్ కొన్నాక పాతదాన్ని పండక్కి ఊరికి తెస్తాడు. కొన్నాళ్లు తమ్ముడు ఆడతాడు, తర్వాత బామ్మర్ది పట్టుకుపోతాడు, అట్నుంచి హాస్టల్‌కు, హాస్టల్ నుంచి గుంతకల్లులోనో తాడిపత్రిలోనో ఉన్న ఏ పార్లర్‌కో చేరుతుంది. డిస్కుల సంచి కూడా దాని వెంటే తిరుగుతుంది. కంపెనీల పుస్తకాల్లో ఈ చేతుల్లో ఒక్కటీ లెక్కకు రాదు, ఎందుకంటే వాళ్లకు డబ్బు ముట్టింది మొదటి చేతి దగ్గరే. ఈ గొలుసు తెగాలని వాళ్లు కోరుకోవడంలో వింతేమీ లేదు. తెగ్గొట్టడానికి మనమే ఆ కాస్త డిస్కౌంటుకు ఆశపడి కత్తెర అందిస్తున్నాం చూడండి, అదీ నా బాధ.

ఇది ఊహ కాదు. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు, పాత డిస్కులు ఇచ్చిపుచ్చుకోవడానికి షరతులు, కన్సోల్ క్రమం తప్పకుండా ఇంటర్నెట్‌కు కలిసి తీరాలన్న నిబంధన పెట్టింది. జనం దుమ్మెత్తిపోశారు. సోనీ అదే అదనుగా ఒక చిన్న వీడియో వదిలింది: పీఎస్4 ఆటను పక్కవాడితో పంచుకోవడం ఎలా? ఒకాయన డిస్క్ పెట్టెను పక్కాయన చేతికిస్తాడు, ఆయన థ్యాంక్స్ అంటాడు, వీడియో అయిపోతుంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మైక్రోసాఫ్ట్ ఆ జూన్‌లోనే తోక ముడిచి షరతులు ఎత్తేసింది. మరి ఆ చప్పట్లు కొట్టించుకున్న సోనీ తర్వాత ఏం చేసింది? 2019 ఏప్రిల్ నుంచి పూర్తి ఆటల డౌన్‌లోడ్ కోడ్‌లను బయటి షాపుల్లో అమ్మడం ఆపేసింది. 2020లో డిస్క్ లేని పీఎస్5 తెచ్చింది. 2024లో 699 డాలర్ల పీఎస్5 ప్రోను అసలు డ్రైవే లేకుండా అమ్మింది (వైఫై బ్యాండ్ అనుమతుల చిక్కుతో అది అప్పట్లో మన దేశానికి రాలేదు, ఆ రకంగా బతికిపోయాం). ఇక నింటెండో 2025లో తెచ్చిన స్విచ్ 2కు వచ్చే కొన్ని ఆటల కార్డుల్లో తాళం చెవి మాత్రమే ఉంటుంది, ఆట మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. బేరసారాలకు తావులేని ఒకే ఒక్క దుకాణం మిగిలేలా పదేళ్లుగా ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చారు.

పీసీ గేమర్లు ఈ మాట ఒప్పుకోరు. మేం డిస్క్ మొహం చూసి ఎన్నేళ్లయిందో, అయినా స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్ సేల్‌లో సగం ధరకే కొంటున్నాం కదా అంటారు. డిస్క్ గీతలు పడుతుంది, పోతుంది, పైగా డిస్క్ పెట్టినా గిగాబైట్లకు గిగాబైట్ల అప్‌డేట్ దిగాల్సిందే అంటారు. అన్నీ నిజాలే. కాకపోతే పీసీలో స్టీమ్ కాకుంటే ఎపిక్ ఉంది. 2018 డిసెంబరులో మొదలైన ఎపిక్ స్టోర్ జనాన్ని లాగడానికి ఆటలను ఉచితంగా పంచుతూ వస్తోంది. పోటీ ఉన్నచోట ధర తగ్గుతుంది. డిస్క్ లేని కన్సోల్‌కు ఉన్నది ఒక్కటే స్టోర్, రేటు పెట్టేదీ వాళ్లే, సేల్ ఎప్పుడో చెప్పేదీ వాళ్లే. ఆ స్టోర్‌కు ఎదురు నిలిచే పోటీదారు ఎవరైనా ఉన్నాడంటే అది మన సెల్ షాపాయనే.

చందా కట్టి ఆడుకుంటే సరిపోదా అనే దారి కూడా చూశాం. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ల చందా గేమ్ పాస్ అల్టిమేట్ నెలకు 829 నుంచి ఒక్కసారిగా 1,389 రూపాయలకు ఎగబాకింది. ఆ లెక్కన ఏడాదికి పదహారు వేల పైమాట. కట్టడం ఆపిన రోజున చేతిలో మిగిలేది సున్నా. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

నిజానికి నా గొడవ ఆటలతో ఆగదు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటకు దాన్ని తెచ్చిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. డిస్క్ అల్మారాలో భద్రంగా ఉన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ఈఎంఐ ఎగ్గొడితే ఫోన్‌ను దూరం నుంచే లాక్ చేసే అధికారం అప్పు ఇచ్చినవాళ్లకు ఇవ్వాలా అన్నది పరిశీలిస్తున్నామని రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబరులో చెప్పింది. ఈ రెండింటిలోనూ నడుస్తున్న ఆలోచన ఒకటే: వస్తువు నీ ఇంట్లో ఉంటుంది, పెత్తనం మాది. మన జిల్లాలో బోరు మోటారు కాలితే రైతు ఏం చేస్తాడు? పీకించి రివైండింగ్ షాపుకు మోస్తాడు, రాగి తీగ మళ్లీ చుట్టించి దింపుతాడు. బోరు ఎండితే ఆ మోటారునే ఇంకో రైతుకు అమ్ముకుంటాడు. తయారు చేసిన కంపెనీని ఎవడూ అడగడు. ఆ మోటారు స్టార్టర్‌లో రేపు ఒక యాప్ పెట్టి, మొదటి యజమాని అకౌంట్‌తో తప్ప తిరగదంటే ఈ జిల్లా ఊరుకుంటుందా? చెనక్కాయ రైతు కలెక్టరేట్ ముందు కూర్చోడూ? అదే పని ఆటల కన్సోల్‌తో చేస్తే మాత్రం, కుర్రాళ్ల ఆటబొమ్మలే కదా అని పెద్దవాళ్లు పేపర్ తిప్పేస్తున్నారు. ఇలాంటి అలవాట్లు మొదట చొరబడేది ఆటబొమ్మల్లోనే. ఫోన్ బ్యాటరీని జిగురు వేసి మూసినప్పుడూ మనం ఇలాగే చూసీచూడనట్టు వదిలేశాం.

బయటి దేశాల్లో కోర్టులదాకా వెళ్లారు. స్టీమ్‌లో కొన్న ఆటను తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిదేనని పారిస్ కోర్టు 2019లో తీర్పిచ్చింది. 2022లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, అమ్ముతున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలన్న చట్టం అమల్లో ఉంది. పూర్తి పరిష్కారం కాదు, కానీ ఆ మాత్రం కూడా మన దగ్గర లేదు. ఉన్నదల్లా 2022 డిసెంబరులో కేంద్రం తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్, ఫోన్లు, ట్యాబ్‌లకు రిపేరు సౌలభ్యాన్ని బట్టి మార్కులు వేయాలంటూ 2025లో కమిటీ ఇచ్చిన నివేదిక. ఆ మార్కుల పట్టికలో కన్సోళ్లను కూడా చేర్చాలి, రిపేరు పక్కనే పునర్విక్రయానికి ఒక గడి పెట్టాలి. డిజిటల్ ఎడిషన్ పెట్టె మీద, స్టోర్‌లో ప్రతి ఆట పేజీ మీద "దీన్ని తిరిగి అమ్ముకునే వీలు లేదు" అని తెలుగులో, ధరను ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారో అంతే పెద్ద అక్షరాలతో వేయించాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు ఇదేమీ అలివిగాని పని కాదు, జీటీఏ 6 వచ్చేలోపే చేయొచ్చు.