బీజెడ్‌సీ మీద ఆ మెసేజ్ ఇక నాకు పంపకండి

నీట్ అయిపోయి డిగ్రీ అడ్మిషన్ల నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఈ మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. "బైపీసీ పిల్లల తల్లిదండ్రులకు ముఖ్య హెచ్చరిక!!" అని మొదలవుతుంది, మధ్యలో ఎర్ర సైరన్ బొమ్మలు, చివర "మీ మంచి కోరే ఒక విద్యావేత్త" అని సంతకం. ఆ విద్యావేత్త ఎవరో, ఎవరికి ఏం చదువు చెప్పాడో దేవుడికే తెలియాలి. స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, మా చిన్నాన్న విడిగా కూడా పంపి "నువ్వు ఆ లైన్లోనే ఉన్నావుగా, నిజమేనంటావా?" అని అడిగాడు. ఆయన వెటకారానికి అడగలేదు, ఆయన కూతురు ఈ ఏడు డిగ్రీలో చేరాలి. అందుకే ఓపిక తెచ్చుకుని రాస్తున్నా. నేను చదివింది బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉండే బీఎస్సీ, తర్వాత ఎంఎస్సీ మైక్రోబయాలజీ, ఇప్పుడు హైదరాబాద్ దగ్గర ఒక వ్యాక్సిన్ కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో పని. కొత్తగా వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే బాధ్యతా నా నెత్తినే ఉంది.

మెసేజ్ ఇంకా అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నది ఇదీ: బీఎస్సీ బయాలజీ నీట్ రానివాళ్ల చదువు. కప్పలు కోయడం, రికార్డులు గీయడం తప్ప ఏమీ ఉండదు. లెక్కలుండవు కాబట్టి బట్టీ కొడితే గట్టెక్కేయొచ్చు. ఉద్యోగాలుండవు, ఉన్నా జీతం పదిహేను వేలు దాటదు. ఏఐ వచ్చాక అవి కూడా ఉండవు. అమ్మాయిలకైతే పర్వాలేదు, పెళ్లి కుదిరేదాకా కాలక్షేపం. కాబట్టి పేరుకి ఏదో ఒక కాలేజీలో సీటు తీసుకుని పిల్లల్ని మళ్లీ లాంగ్ టర్మ్ నీట్ కోచింగ్‌కి పంపండి.

కప్పల సంగతి ముందు తేల్చేద్దాం. జువాలజీ ల్యాబుల్లో జంతువుల్ని కోయడం ఆపేయమని యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2014లోనే చెప్పింది. ఈ విద్యావేత్త ల్యాబ్ గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో దీన్నిబట్టి అంచనా వేసుకోండి.

అమ్మాయిల కాలక్షేపం. జానకి అమ్మాళ్ అని ఒకావిడ ఉండేది, బోటనీ చదివింది, 1931లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తెచ్చుకుంది, కోయంబత్తూరులో చెరకు మీద పని చేసింది, 1977లో పద్మశ్రీ వచ్చింది. పెళ్లే చేసుకోలేదు. కాలక్షేపం కాస్త ఎక్కువైనట్టుంది పాపం.

నీట్ రానివాళ్ల చదువు అన్న మాట. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైమాటే, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అంటే రాసినవాళ్లలో అత్యధికులు "నీట్ రానివాళ్లే". ఇంతమందిని ఒకే గాట కట్టి పనికిరారని తేల్చడానికి చాలా ధైర్యం కావాలి. హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ముందు నుంచి బస్సులో రోజూ వెళ్లేవాళ్లు ఉన్నారు కదా గ్రూపులో, ఆ సంస్థకి 1998 నుంచి 2009 దాకా డైరెక్టరుగా ఉన్న లాల్జీ సింగ్ బనారస్ హిందూ యూనివర్సిటీలో డిగ్రీ చదివిన సబ్జెక్టులు జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ. మన బీజెడ్‌సీయే. ఈ దేశంలో కోర్టుల దాకా వెళ్లిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ ఆయన చేతి మీదుగా వచ్చిందే, రాజీవ్ గాంధీ హత్య కేసులో కూడా దాన్నే వాడారు. అందరూ లాల్జీ సింగులవుతారా అని అడక్కండి, ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లందరూ కూడా పెద్ద డాక్టర్లు అవ్వరు.

ఇక నాకు కడుపు మండించిన లైన్. "లెక్కలంటే భయపడే పిల్లలకు బయాలజీ వరం, బట్టీ కొడితే చాలు." ఇది రాసినవాడు మెచ్చుకుంటున్నాననుకుని రాశాడు చూడండి, అదీ బాధ. మిగతా పాయింట్లు మహా అయితే పిల్లల్ని ఈ చదువుకి దూరం చేస్తాయి, ఇది చేరినవాళ్లని కూడా ముంచుతుంది.

ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న ఏమంత గొప్పది కాదు. బల్ల తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ కావాలి, నీ దగ్గర 95 శాతం సీసా ఉంది, వంద ఎంఎల్ తయారు చెయ్. 73.7 ఎంఎల్ తీసుకుని నీళ్లతో వందకి కలపాలి, టీ తాగినంత మామూలుగా ల్యాబ్‌లో చేసే పని. మెమోలో మార్కులు కళ్లు జిగేల్‌మనిపించే పిల్లలు "70 ఎంఎల్ ఆల్కహాల్, 30 ఎంఎల్ నీళ్లు సార్" అంటారు. దాంతో వచ్చేది 66.5 శాతం. పోనీ అసలు 95 ఉండగా దాన్ని 70కి దించడం ఎందుకమ్మా అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. కాస్త నీళ్లుంటేనే ఆల్కహాల్ సూక్ష్మజీవి లోపలికి దిగి దాని ప్రొటీన్లని చెడగొడుతుంది, పైగా వెంటనే ఆవిరైపోకుండా కాసేపు నిలుస్తుంది. ఇది వాళ్ల పుస్తకంలోనే ఉంది, వాళ్లు చదివారు కూడా, పరీక్షలో రాశారు కూడా, కానీ చేతిలో సీసా పెట్టి అడిగేసరికి అది వేరే సబ్జెక్టు అయిపోతుంది.

రెండోది: శాంపిల్‌ని పదివేల రెట్లు పలచన చేశావు, అందులోంచి 0.1 ఎంఎల్ ప్లేటు మీద పోశావు, మర్నాడు ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే 43 కాలనీలు, అంటే ఒక్కో బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్కలు. అసలు శాంపిల్‌లో ఒక ఎంఎల్‌కి ఎన్ని బ్యాక్టీరియా? జవాబు 43 లక్షలు. 4 లక్షల 30 వేలు అనేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే పోసింది పదోవంతు ఎంఎల్ అన్న సంగతి గాల్లో కలిసిపోతుంది. ఫ్యాక్టరీలో అయితే ఆ ఒక్క సున్నా కోసం బ్యాచ్ మొత్తం ఆగుతుంది, దర్యాప్తు ఫారాలు నింపుతూ మేం అర్ధరాత్రి దాకా కూర్చుంటాం. బట్టీ కొట్టి దీన్ని దాటమనండి చూద్దాం.

అసలు బయాలజీలో లెక్కల్లేవన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు అంతుపట్టదు. వంశపారంపర్య లక్షణాల మీద మెండెల్ చెప్పిన నిష్పత్తి 3:1 అని ఇంటర్ పిల్లలందరూ నిద్రలో లేపినా చెబుతారు. ఆయనకి బఠానీ తోటలో కనిపించింది 3:1 కాదండీ. గుండ్రటి గింజలు 5,474, ముడతలు పడ్డవి 1,850. ఒకటొకటి వేరు చేసి లెక్కపెట్టాడు, భాగిస్తే 2.96 వచ్చింది. ఆ 2.96ని చూసి ఇది మూడే అయి ఉంటుందని ఎందుకు అనుకోవచ్చు, 2.7 వచ్చి ఉంటే అప్పుడేం అనాలి, ఎన్ని గింజలు లెక్కపెడితే నమ్మొచ్చు? ఈ ప్రశ్న కోసమే కైస్క్వేర్ అనే స్టాటిస్టిక్స్ టెస్టు ఉంది. మన పిల్లలకి కైస్క్వేర్ ఫార్ములా వచ్చు, పదహారు మార్కుల ప్రశ్న కూడా రాస్తారు, అది దేనికో మాత్రం తెలీదు.

ఇంకొకటి, ఇది మన ఇళ్లల్లోకే వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గర్నుంచీ లోపం ఉన్న జన్యువు వస్తేనే కనిపించే జబ్బు ఒకటి, పదివేల మందిలో ఒక్కరికి ఉందనుకోండి. జబ్బు లేకుండా ఆ జన్యువుని మోస్తున్నవాళ్లు ఆ పదివేలలో ఎంతమంది? ఇద్దరో, పదిమందో అనిపిస్తుంది. దాదాపు రెండొందల మంది! ఈ లెక్క 1908 నాటిది, కనిపెట్టిన ఇద్దరిలో హార్డీ ప్యూర్ మ్యాథ్స్ మనిషి, ఇంకొకాయన వైన్‌బర్గ్ డాక్టరు. సంబంధం మేనరికం అయితే ఆ లెక్క ఇంకా మారిపోతుంది, జెనెటిక్ కౌన్సెలింగ్ అంతా దీని మీదే నడుస్తుంది. ఇది బట్టీ వ్యవహారమా?

తమాషా ఏంటంటే వీటికి కావలసింది చాలావరకు పదో తరగతి లెక్కలే. నిష్పత్తులు, శాతాలు, ఘాతాంకాలు, కొంచెం లాగరిథమ్స్, కొంచెం సంభావ్యత. కానీ బైపీసీలో చేరిన రోజే "హమ్మయ్య, లెక్కల పీడ వదిలింది" అని ఇంట్లో పండగ చేసుకుంటారు, ఆ పండగ బిల్లు ఆరేడేళ్ల తర్వాత, పరిశోధనలోకి వెళ్లేవాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష హాల్లో కట్టాల్సి వస్తుంది. అక్కడ పార్ట్ ఏ అంతా లెక్కలూ లాజిక్కే, పార్ట్ సీలో గ్రాఫు ఇచ్చి దీన్నుంచి ఏం తేలుతుందో చెప్పమంటాడు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. రాకపోతే "బయాలజీలో ఏమీ లేదండీ" అని గ్రూపులో మెసేజ్.

రికార్డుల సంగతి దీనికి ఆనుకునే ఉంది కాబట్టి ఇక్కడే అంటాను. మైక్రోస్కోప్‌లో కనిపించింది కనిపించినట్టు గీయడం కళ్లకి శిక్షణ, దాన్ని ఎగతాళి చేసేవాడు ఒక్కసారి ఉల్లిపాయ వేరు కొనలో విభజన జరుగుతున్న కణాన్ని వెతికి చూడాలి. కానీ సీనియర్ రికార్డు తెచ్చుకుని కార్బన్ కాపీ దించి, ఏనాడూ తాళం తీయని ల్యాబ్‌లో ప్రాక్టికల్ మార్కులు వేయించుకోవడం గురించి అయితే మెసేజ్ అన్నది తప్పు కాదు. అలాంటి కాలేజీలు బోలెడు. అక్కడ చేర్పించేకంటే నిజంగానే చేర్పించకపోవడం మేలు. సీటు తీసుకునే ముందు ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పనిచేస్తోందా, ప్రాక్టికల్‌లో ఒక మైక్రోస్కోప్ దగ్గర ఎంతమంది నిలబడతారు, ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. తాళం కోసం అటెండర్‌ని వెతకడానికి మనిషిని పంపారంటే విషయం తెలిసిపోయినట్టే.

ఉద్యోగాలు, జీతం. ఇక్కడ నేను వాదిస్తానని చూస్తున్నారేమో, వాదించను. ఉత్త బీఎస్సీతో ఆగిపోతే మొదటి రెండు మూడేళ్లు జీతం నిజంగానే తక్కువ, పదిహేను వేలన్నది మరీ అబద్ధమేమీ కాదు. హైదరాబాద్‌లో బీజెడ్‌సీ చదివినవాళ్లలో చాలామంది అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (ఆస్పత్రి రికార్డులకి కోడ్ నంబర్లు వేసే పని) నేర్చుకుని అటు వెళ్లిపోతున్నారు, అది మర్యాదైన పనే గానీ దానికి మూడేళ్లు వృక్షాల పేర్లు చదవనక్కర్లేదు. టీచర్ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుంటే ఏపీలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లో గానీ మెగా డీఎస్సీ జరగలేదు, 16,347 పోస్టులిచ్చారు నిజమే, మరి ఆ ఏడేళ్లూ బీఈడీ పట్టుకుని కూర్చున్నవాళ్ల వయసు ఎవరిస్తారు? ఈ మాట మెసేజ్‌లో ఉంటే నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.

కానీ "ఉండవు" అనడం వేరు. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి భీమవరం, నెల్లూరు వైపు చెరువుల రూపమే మారిపోయింది. రొయ్య పిల్లల్ని కొనే రైతు వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బులు లేవని పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) రిపోర్టు అడుగుతాడు. ఆ రిపోర్టు ఇచ్చేది ఏ కార్పొరేట్ డాక్టరో కాదు, పీసీఆర్ చేతికి పట్టుబడ్డ జువాలజీ, మైక్రోబయాలజీ పిల్లలే. దోమల మీద జీహెచ్‌ఎంసీకి ఏకంగా ఒక ఎంటమాలజీ (కీటకాల శాస్త్రం) విభాగం ఉంది, పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎంఎస్సీయే నడుపుతోంది. హైదరాబాద్ పక్కన వ్యాక్సిన్, బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ గురించి వేరే చెప్పను, నా అన్నం అక్కడిదే కాబట్టి పక్షపాతం అంటారు.

ఏఐ. అవునండీ, ప్రొటీన్ ఆకారాన్ని లెక్కగట్టే ఏఐ ఆల్ఫాఫోల్డ్‌ని తయారుచేసినవాళ్లకి 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. ఆ ఆల్ఫాఫోల్డ్ దేన్ని చూసి నేర్చుకుంది? 1971 నుంచి ప్రొటీన్ డేటా బ్యాంకులో జనం పోగేసిన నిర్మాణాల్ని చూసి. ఒక్కో ప్రొటీన్‌ని స్ఫటికం చేయడానికి ఏళ్లకేళ్లు తిప్పలు పడ్డవాళ్లు లేకపోతే దానికి నేర్చుకోవడానికి ఏముంది? రేపు అది ఇంకా తెలివి మీరొచ్చు, సంతోషం, అయినా రొయ్య పిల్లని నలిపి డీఎన్‌ఏ తీయడానికి ఎవరో ఒకరు గ్లవ్స్ వేసుకోవాలి.

చివరగా ఆ మహత్తర సలహా, పేరుకి సీటు, మనిషి లాంగ్ టర్మ్‌లో. ఒకసారి రాసి కొద్దిలో పోయిందంటే ఇంకోసారి రాయడం అర్థం చేసుకోగలను. కానీ హాజరు "మేనేజ్" చేసి మూడేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలు నా ముందు కూర్చున్నప్పుడు వాళ్ల చేతిలో డిగ్రీ ఉంటుంది, ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్ పట్టుకోవడం రాదు, డాక్టరూ కాలేదు. కోచింగ్ ఫీజు మాత్రం కట్టేశారు.

చిన్నాన్నా, చెల్లి కోసం ఒక్కటి చెబుతా. ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల్లో చేరడానికి రాసే ఐఏటీ పరీక్ష బైపీసీ వాళ్లు కూడా రాయొచ్చు, తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది. ఆ పరీక్ష మే, జూన్‌లలో జరుగుతుంది, ఈ ఏడు అయిపోతే వచ్చే ఏడు అర్హత ఉందేమో నోటిఫికేషన్‌లో చూసుకోండి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగింటికీ తలా 15 ప్రశ్నలు, మొత్తం 240 మార్కులు. మ్యాథ్స్ 60 వదిలేసినా మిగతా 180 ఉన్నాయి, వదలకపోతే ఇంకా మంచిది. ఈలోపు డిగ్రీలో చేరితే రోజూ కాలేజీకి వెళ్లమను, ఆదివారం నాకు ఫోన్ చేయమను, ఆ ఆల్కహాల్ లెక్కతో మొదలుపెడదాం.