ఈకలు రాల్చే అలవాటు గారికి ఓ అర్జీ

మహారాజశ్రీ ఈకలు రాల్చే అలవాటు గారి సముఖమునకు,

మా పెరటి గోరింకల తరఫున రాసుకుంటున్న విన్నపం.

పిల్లల్ని పెంచి పంపించాక పాత ఈకలు రాల్చి కొత్తవి మొలిపించడం తమరి డ్యూటీ. కాదనం. ఈకంటే మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థం లాంటిదే, విరిగితే అతుక్కోదు. రెక్కల దగ్గర తమరి పనితనానికి దండం పెట్టాల్సిందే. కుడివైపు ఒకటి రాలితే ఎడమవైపు దాని జోడీ కూడా రాలుతుంది. పక్షి తూకం తప్పదు, ఎగరడం ఆగదు. మరి తల దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఏమైపోతుందండీ? వీధంతా ఒకేరోజు తవ్వేసి, పైపులు తర్వాత చూద్దామనే కాంట్రాక్టరులా, కొన్నిసార్లు మొత్తం ఒక్కసారే ఊడబెరికేస్తారు!

కంటి పక్కన పసుపు మచ్చతో దర్జాగా తిరిగే గోరింకకు ఇప్పుడు బుర్రంతా పసుపుపచ్చ తోలే. ఎన్నడూ చూడని చెవి కన్నం బయటపడింది. వీధిలో అందరిదీ ఒకటే జోకు: "తిరుపతి ఎప్పుడెళ్లొచ్చింది?" సెల్ టవర్ వల్లేనని ఒకాయన తీర్పు. అమెరికాలోనూ తమరిదే రాజ్యం. వేసవి చివర్లో ఎర్రకుచ్చు కార్డినల్ పిట్ట నల్లటి బోడిగుండుతో వాలితే, అక్కడి మనవాళ్లు ఫొటో తీసి "ఇదేం పక్షి?" అని ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నారు.

నేరమంతా తమరిదే అననులెండి. పక్షి ముక్కు ఒళ్లంతా తిరుగుతుంది గానీ సొంత నెత్తికి అందదు, కాలితో గోక్కోవడమే. అందుకే పేలకూ, కంటికి ఆనని పురుగులకూ అక్కడ నిశ్చింతగా కాపురం. పెరటి పెట్టలకైతే పుంజు తొక్కేటప్పుడు తల వెనక ఈకలు ముక్కుతో పట్టుకుని పీకుతుంది. ఇరుకు గూట్లో తోటి పెట్టలు పొడిచే పొడుపులు సరేసరి. వాటి పద్దు వేరే రాసుకుంటాం.

ఇది తమరి పనే అయితే, కొన్ని వారాల్లో నెత్తిమీద ముళ్లలాంటి గొట్టాలు లేచి, అవి విచ్చుకుని ఈకలవుతాయని తెలుసు. ఆ సంగతి పక్కింటి పిన్నిగారికి చెప్పినా వినడం లేదు. ఆముదం రాస్తే ఒత్తుగా మొలుస్తుందని సీసా పట్టుకుని గోరింక వెంట పడుతున్నారు. ఆవిడ చేతికి చిక్కేలోపు తమరు పని ముగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
గోరింకలు అడక్కపోయినా పెద్దరికం నెత్తినేసుకున్నవాడు