తడి కాలికి పట్టు దొరకాలి

ఒంగోలులో మా ఇంటి బాత్రూమ్ టైల్స్ ఎంచింది నేనే. ఆరేళ్ళ కిందట డాలస్‌లో కూర్చుని, వీడియో కాల్‌లో చూపించిన నాలుగింటిలో అద్దంలా మెరిసేదాన్ని చూసి "అదే వెయ్యండి" అన్నాను. డబ్బు పంపాను. నిరుడు సంక్రాంతికి ముందు అదే గచ్చు మీద నాయన కాలు జారింది. ఎముక విరగలేదు గానీ మూడు వారాలు మంచం దిగలేదు.

ఊరెళ్ళాక ఆ గచ్చు మీద నీళ్ళు పోసి వట్టికాళ్ళతో నిలబడ్డాను. జారుడు ఒక్కటే కాదు, వాటం కూడా తప్పు. నీళ్ళు తూము వైపు రాకుండా కమోడ్ వెనక మూలకు పోయి నిలుస్తున్నాయి. రూపాయి బిళ్ళతో తట్టి చూస్తే సగం టైల్స్ డొల్లగా మోగాయి. మావి విట్రిఫైడ్ టైల్స్, గాజులా గట్టిపడేలా కాల్చినవి. అలాంటి టైల్ అర శాతం నీళ్ళు కూడా పీల్చదు. పాత సిరామిక్ టైల్‌లా నానబెట్టి సిమెంట్ పాలతో అతికిస్తే అది పట్టుకోదు. దానికి టైల్ అడెసివ్ అనే జిగురు కావాలి. పళ్ళ తాపీతో చాళ్ళు తీసినట్టు పరిచి, రబ్బరు సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలి.

అందుకే అంటున్నాను: ఊరెళ్ళినప్పుడు అమ్మానాన్నల బాత్రూమ్ పని మనమే చేతుల్లోకి తీసుకోవాలి. "అక్కడ మేస్త్రీలు లేరా?" అని స్నేహితులు అడిగారు. ఉన్నారు, నాకంటే ఎంతో పనితనం ఉన్నవాళ్ళు. కానీ చదరపు అడుగు లెక్కన కూలి ఇస్తాం. వాటర్‌ప్రూఫింగ్ ఆరే రోజుకు, నీళ్ళు నిలిపి చూసే రోజుకు కూలి ఎవరిస్తున్నారు? కంటికి కనపడని పనికి మనం డబ్బు లెక్కకట్టం. తప్పు అక్కడ మొదలవుతోంది. ఆ రోజులు మన దగ్గరున్నాయి, సెలవు పెట్టుకునేగా వెళ్తాం.

డాలస్‌లో మా షవర్ నేనే కట్టుకున్నాను. ఇక్కడ చెక్క ఫ్రేము, సిమెంట్ బోర్డు. అక్కడ ఇటుక గోడ. కానీ నీటి వాటం నేను రెండు చోట్లా ఒకటే పెట్టాను, అడుగుకు పావు అంగుళం. ఒంగోలులో మా బాత్రూమ్ పొడవు ఏడడుగులు, అంటే గుమ్మం నుంచి తూముకు ఒకటిముప్పావు అంగుళం దిగాలి. పాత గచ్చు పగలగొట్టడానికి ఒక మేస్త్రీని తోడు పిలిచాను. వాటం కొట్టేటప్పుడు రసమట్టం (స్పిరిట్ లెవెల్) పట్టుకుని ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాను. "ఏరా అబ్బాయ్, నీకెందుకురా ఈ తిప్పలు" అని నాయన మంచం మీంచే కేకలు.

తర్వాత రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్, గోడల మీదికి అడుగెత్తు దాకా. అది ఆరాక తూము మూసేసి, గుమ్మం దగ్గర ఇటుకలతో అడ్డుకట్ట వేసి, గచ్చంతా మునిగేలా నీళ్ళు నిలిపాం. గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. ఇరవైనాలుగు గంటల తర్వాత నీళ్ళు ఆ గీత దగ్గరే ఉన్నాయి. ఆ ఒక్క రోజు ఆగలేని పనికి ఎంత ఖరీదైన టైల్ వేసినా వృథా.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మా జిల్లా రాయి, నల్లటి రాతిలో బంగారు చుక్కలు. వంటగట్టుకు దానికి మించింది లేదు. కానీ మెరుగుపెట్టిన గ్రానైట్ తడి గచ్చుకు వద్దు. నేను మార్కాపురం పలక రాయి వేశాను, చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దిన ఆ పలక రాయే. పొరలు విడిచిన గరుకు మీద కాలు నిలుస్తుంది. అడుగు కొలత ముక్కలైతే వాటానికి సులువుగా ఒదుగుతాయి. మందం ఒక్కో పలకది ఒక్కో రకం, మూడు కుప్పలుగా ఏరుకుని, మందంగా ఉన్నవాటి కింద అడెసివ్ తగ్గించాలి. సందులు నింపేముందు రాతి మీద సీలర్ (రాతిని కాపాడే పూత) పూయకపోతే గ్రౌట్ (సందుల్లో నింపే ముద్ద) రంగు రాతి గరుకులో ఇరుక్కుపోతుంది. సందుల్లో సిమెంట్‌ది కాకుండా, రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌటే వేశాను. బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకుంటే మన ఇళ్ళలో యాసిడ్ పోసి కడుగుతారు, సిమెంట్ గ్రౌట్‌ను ఆ యాసిడ్ తినేస్తుంది. పలక రాయి మీద కూడా యాసిడ్ పొయ్యొద్దని అమ్మకు మరీ మరీ చెప్పాను.

ఇంకో రెండు మాటలు. టవల్ రాడ్ మనిషి బరువు మొయ్యదు. పట్టుకునే కడ్డీని ఇటుకలోకి దిగే బోల్టులతో బిగించాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే అది తెరుచుకోదు. నాయన పడ్డ రోజు అమ్మ ఆ తలుపు తోస్తూ పావుగంట నిలబడింది.

పని అయిన మొదటి రోజు నాయన గోడ పట్టుకునే లోపలికి వెళ్ళాడు. వారం తర్వాత పట్టుకోలేదు.

డాలస్ నుంచి ఈ వేసవికి ఊరెళ్ళేవాళ్ళెవరికైనా నా రసమట్టం, పళ్ళ తాపీ ఇస్తాను. తీసుకెళ్ళండి.