ఖాకీ సినిమాలో మనవాళ్లెక్కడ?

పోలీసు కథలు తీసేవాళ్లకు తిరుపతి, చిత్తూరు ప్రాంతం ఇప్పుడు మంచి గిట్టుబాటయ్యే లొకేషన్. శేషాచలం కొండలు, ఎర్రచందనం దుంగలు, ఘాట్ రోడ్డు మీద జీపుల ఛేజింగ్ తెర మీద బ్రహ్మాండంగా ఉంటాయి. ఇక్కడి మనుషుల దగ్గరికి వచ్చేసరికే కెమెరాకు చూపు ఆనడం లేదు.

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన హీరో ఎస్పీ శుభ్రమైన పుస్తకాల తెలుగులో ఆరా తీస్తాడు. ‘ఎట్ల చెప్పేది సార్, చీకట్లో ఏమీ కనపడ్లా’ అని కానిస్టేబుల్ నసిగితే హాలంతా నవ్వుతుంది. కామెడీకి పోగా మిగిలిన మన యాస విలన్ పక్కనుండేవాడికి దక్కుతుంది. కేసు చిక్కుముడి విప్పే బుర్ర మాత్రం చిత్తూరు మాట మాట్లాడదు. దళిత ఎస్సై ఉంటే ఇంటర్వెల్ లోపు చనిపోతాడు, హీరోకు కోపం తెప్పించడానికి.

నగరి, సత్యవేడు స్టేషన్లలో తమిళం రాకపోతే పని నడవదు. కుప్పంలో కన్నడం కూడా కావాలి. బ్రహ్మోత్సవాల రద్దీలో తప్పిపోయి ఏడుస్తున్న పిల్లాడు ఏ ఊరివాడో తెలుసుకోవడానికి, బిస్కెట్ చేతిలో పెట్టి వచ్చిన భాషలన్నింటిలో అమ్మ పేరు అడిగే మహిళా కానిస్టేబుల్ చేసేది కూడా దర్యాప్తే. సినిమాలో ఆమె ఫైలు పట్టుకుని హీరో వెనక నిలబడుతుంది. అత్యాచార బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారే నమోదు చేయాలని 2013 నుంచి చట్టంలో ఉంది. అంటే కేసుకు ఆయువుపట్టయిన సీను చట్టప్రకారమే ఆమెది. దాన్నీ హీరో చేతిలో పెట్టే రచయితలున్నారు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది అనుమానితుల వరస. ఎరుకలవారి మీద పుట్టుకతోనే నేరస్తుల ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతటా 1952 నాటికే రద్దయింది. సినిమాల్లో ఇప్పటికీ చోరీ జరగ్గానే జీపు ఊరి చివరి కాలనీకి పోతుంది. నలుగురిని ఎక్కిస్తారు, రెండు లాఠీ దెబ్బలు, వెనక బీట్, కథ ముందుకు. ఆ నలుగురికీ పేర్లుండవు. అదే స్టేషన్ ఎస్సై ఎరుకల ఇంటివాడయితే? పాత రికార్డుల గదిలో తాత పేరుతో సస్పెక్ట్ షీటు కంటపడితే? ఫైటు అక్కర్లేకుండా అరగంట సినిమా అక్కడే ఉంది.

ఎర్రచందనం కూలీల సంగతీ అంతే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. గొడ్డళ్లతో, రాళ్లతో మీదికొస్తే ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ముందే బస్సుల్లోంచి దించి పట్టుకెళ్లారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఈ రెండు మాటల మధ్య ఎంత కథ ఉందో క్రైమ్ డ్రామా రాసేవాళ్లకు మేం చెప్పాలా? తెర మీద మాత్రం తమిళ కూలీ అంటే కొండవాలు మీద దొర్లే శవం. అతను తిరువణ్ణామలై వైపు పల్లె నుంచి ఎంత కూలికి, ఎవరి మాట నమ్మి బస్సెక్కాడో మనకు తెలియదు.

వినోదానికి తీసే సినిమాలో కులాల లెక్క, జిల్లాల లెక్క ఏమిటని నిర్మాతలు అడగవచ్చు. లెక్క మేమూ అడగడం లేదు. పోస్టర్ మీద అన్ని రకాల ముఖాలూ పేర్చి, డైలాగులన్నీ ఒక్కడికే ఇచ్చే సినిమాలూ వస్తూనే ఉన్నాయి, వాటితో ఒరిగేదేమీ లేదు. విలన్ మావాడైనా అభ్యంతరం లేదు. దొంగలు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. కానీ సాక్ష్యం పట్టుకునేవాళ్లలో, తప్పు చేసిన పైఅధికారికి ఎదురు చెప్పేవాళ్లలో కూడా ఇక్కడివాళ్లు ఉండాలి. షూటింగ్‌కు ఇన్ని వారాలు ఇక్కడే లాడ్జీల్లో దిగుతున్నారు కదా, స్క్రిప్టు దశలోనే వచ్చి పోలీస్ స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌తో, కాలనీవాళ్లతో నాలుగు రోజులు మాట్లాడవచ్చు. తిరుపతి నాటక కళాకారులకు జనంలో నిలబడే వేషాలు కాకుండా పేరున్న పాత్రలు ఇవ్వవచ్చు. కూలీ తమిళంలో మాట్లాడితే కింద తెలుగు సబ్‌టైటిల్ వేస్తే చాలు, అర్థం చేసుకోవడానికి ఇక్కడి ప్రేక్షకుల్లో చాలామందికి అదీ అక్కర్లేదు.