పన్ను ఊరు చెబుతుంది, పెళ్లి కాదు

పాతకాలపు సమాధుల్లో దొరికిన ఆడవాళ్ల పళ్లలో బయటి ప్రాంతపు స్ట్రాన్షియం (రాళ్లలో ఉండే ఒక మూలకం) కనిపిస్తే, పెళ్లై అత్తవారింటికి వచ్చినట్టేనని మీ వ్యాసంలో రాశారు. ఇక్కడ కొంచెం ఆగాలి.

రాళ్లలోని స్ట్రాన్షియం తీరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది; అది నీళ్లు, తిండి ద్వారా పంటి ఎనామెల్‌లోకి (పంటి పైనుండే గట్టి పొరలోకి) చేరుతుంది. ఎనామెల్ చిన్నతనంలో ఏర్పడ్డాక ఇక మారదు. అందుకే అది బాల్యం ఎక్కడ గడిచిందో చెబుతుంది, ఎందుకు ఊరు మారారో చెప్పదు. బందీగా తెచ్చి ఉండొచ్చు, కరువుకి వలస వచ్చి ఉండొచ్చు. అయితే మొదటి దవడపన్ను ఎనామెల్ దాదాపు మూడేళ్లలోపు, జ్ఞానదంతం ఎనామెల్ సుమారు ఏడెనిమిదేళ్ల నుంచి టీనేజ్ మధ్యలోపు ఏర్పడతాయి కాబట్టి రెండూ పోల్చితే ఏ వయసులో వచ్చారో కొంత తెలుస్తుంది. ఈ సంగతి వ్యాసంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

ఎవరు ఎవరికి బంధువులో చెప్పే డీఎన్‌ఏ తోడైతే పెళ్లి వాదన గట్టిపడుతుంది. జర్మనీలోని లెహ్ లోయలో కంచు యుగపు సమాధుల్లో తండ్రులు, కొడుకులు దొరికారు, పెద్దయిన కూతుళ్లు మాత్రం లేరు. అక్కడ పెళ్లి అనడం నాకూ సమంజసమే. ఇంగ్లండ్‌లోని డార్సెట్‌లో ఇనుప యుగానిది సరిగ్గా తిరగేసిన కథ: ఎక్కువమంది ఒకే తల్లి వంశం, బయటినుంచి వచ్చింది మగవాళ్లే. 2025లో వచ్చిన ఆ పరిశోధన గురించి కూడా దయచేసి రాయండి.